బ్యాంకుకి చెప్పాలా, వద్దా?



పోయిన నెలలో ఒక రాత్రి పదకొండు దాటాక, దుబాయిలోనే ఉండే మా స్నేహితుడు ఫోన్ చేశాడు. "ఉద్యోగం పోయిందిరా. ఫ్లాటు లోను ఇంకా పదహారేళ్ళుంది. బ్యాంకుకి చెప్పాలా, వద్దా?" అన్నాడు. డల్లాస్‌లో ఉన్న వాళ్ళ బావగారు అప్పటికే ధైర్యం చెప్పారట, "లోన్ మాడిఫికేషన్‌కి అప్లై చెయ్యి, అది తేలేదాకా ఇంటి జోలికి రారు" అని.

బావగారు చెప్పింది అబద్ధమేమీ కాదు. అమెరికాలో 2014 జనవరి నుంచి ఒక నియమం ఉంది. వేలానికి 37 రోజుల కంటే ముందే పూర్తి దరఖాస్తు అందితే, అది తేల్చకుండా ఇల్లు అమ్మకూడదు. కానీ మనం ఉన్నది టెక్సాస్‌లో కాదు కదండీ! అసలు ఫోర్‌క్లోజర్ అన్న మాటతోనే తికమక. మన హైదరాబాదు బ్యాంకులో ఫోర్‌క్లోజర్ అంటే అప్పు ముందుగా తీర్చేసి హాయిగా ఇంటికి రావడం. ఇక్కడ అదే మాటకి ఇల్లు వేలానికి పోవడం అని అర్థం.

దుబాయిలో 2008 నాటి 14వ నంబరు తనఖా చట్టం ఉంది. మిగతా ఎమిరేట్లలో పద్ధతులు వేరు, అక్కడివాళ్ళు విడిగా కనుక్కోవాలి. ఈ చట్టం ప్రకారం బ్యాంకు నోటరీ పబ్లిక్ ద్వారా కనీసం 30 రోజుల నోటీసు ఇవ్వాలి. అప్పటికీ కట్టకపోతే కోర్టుకెళ్ళి జప్తు, వేలం అడగొచ్చు. మనం అడిగితే జడ్జిగారు వేలాన్ని 60 రోజులకు మించకుండా వాయిదా వెయ్యొచ్చు, అదీ ఒక్కసారే. ఆ 60 రోజుల్లో డబ్బు కట్టగలమని గానీ, అమ్మితే తీవ్రంగా నష్టపోతామని గానీ ఆయనకి నమ్మకం కలగాలి. లోను షరతులు మార్చమని అర్జీ పెట్టినంత మాత్రాన వేలం ఆగాలని ఇందులో లేదు. మార్చడం బ్యాంకు ఇష్టం.

అందుకే చెప్పమన్నాను, అదీ మొదటి కిస్తీ తప్పకముందే. దాచినా దాగదు. ఆఖరి జీతం, గ్రాట్యుటీ ఆ అకౌంటులోనే పడతాయి. ఉద్యోగం పోయిందని తెలిస్తే బ్యాంకు అకౌంటుని ఆపి ఉంచే ప్రమాదమూ ఉంది. గడువు పెంచమనండి, కొన్నాళ్ళు వడ్డీ మాత్రమే కడతాననండి, ఏదైనా సరే ఈ-మెయిల్‌లో అడగండి. ఆపిన నెలలకి వడ్డీ పెరుగుతుందా అని తప్పకుండా అడగండి. ఫోనులో "చూద్దాం సార్" అన్నమాట ఎందుకూ పనికిరాదు. బ్యాంకు ఫిర్యాదుల విభాగంలో తేలకపోతే సనదక్ అనే అంబుడ్స్‌మన్ ఉంది.

నిరుద్యోగ భీమా కట్టారా? 2023లో మొదలైంది. రాజీనామా చేసినవాళ్ళకి రాదు. పన్నెండు నెలలు కట్టినవాళ్ళకి, తీసేస్తే, మూలవేతనంలో 60 శాతం మూడు నెలల దాకా వస్తుంది. మూలవేతనం 16,000 దిర్హాములు దాటితే నెలకి 20,000 వరకు, లేకపోతే 10,000 వరకు పరిమితి.

"అన్నీ వదిలేసి గుంటూరు వెళ్ళిపోతే?" అన్నాడు వాడు. 2009లో ఎయిర్‌పోర్టులో కార్లు వదిలేసి వెళ్ళినవాళ్ళ కథలు మనందరం విన్నవే. 2022 జనవరి నుంచి చెక్కు బౌన్సయితే చాలావరకు క్రిమినల్ కేసు కాదు, నిజమే. కానీ ఆ చెక్కుతోనే నేరుగా అమలు కోర్టుకి వెళ్ళొచ్చు. వేలంలో వచ్చింది చాలకపోతే మిగతాది మన నెత్తిమీదే. పైగా 2020 జనవరి 17న భారత ప్రభుత్వం ఇచ్చిన నోటిఫికేషన్ వల్ల, ఇక్కడి సివిల్ డిక్రీని మన జిల్లా కోర్టులో అమలు చేయించుకోవచ్చు. అంటే నాన్నగారు వాడి పేరున రాసిన స్థలం కూడా చిక్కుల్లో పడొచ్చు. ఆ మాట అనగానే ఫోనులో చాలాసేపు చప్పుడు లేదు.

మర్నాడే మెయిల్ పెట్టాడు. మూడు వారాలు తిప్పి, ఆరు నెలలు వడ్డీ మాత్రమే కట్టేలా కాగితం ఇచ్చారు. ఫ్లాటు అద్దెకిచ్చి షార్జాలో చిన్న ఇంటికి మారాడు. బావగారికి మాత్రం ఇంకా చెప్పలేదట.