ఏం మిగిలింది, ఎవరు మిగిలారు?



కళల్లో బతుకుతెరువు అనగానే పాడాలి, ఆడాలి, లేదా బొమ్మలు గీయాలి అనుకుంటారు మన ఇళ్లలో. ఆ పనులు చేసేవాళ్లకు శిష్యులు, కూలి, కొనేవాళ్లు, చూసేవాళ్లు దొరికేలా చేయడం కూడా ఒక ఉద్యోగమే. ఆ ఉద్యోగం చేసినవాళ్లలో ముందు చెప్పుకోవాల్సిన పేరు కమలాదేవీ చటోపాధ్యాయ.

1903లో మంగళూరులో పుట్టిన కమలాదేవి నాటకాలు ఆడారు, సినిమాల్లో నటించారు, ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లారు. దేశ విభజన తర్వాత శరణార్థుల కోసం సహకార సంఘాలు నడిపారు. 1952లో అఖిల భారత హస్తకళల మండలి ఏర్పడినప్పుడు దానికి అధ్యక్షురాలయ్యారు. అప్పటికి ఆమెకు రంగస్థలం నేర్పిన చూపుతో పాటు సంఘాలు నడిపిన అనుభవం, ప్రభుత్వ కార్యాలయాల్లో పని జరిపించుకునే నేర్పు ఉన్నాయి. మూడూ అవసరపడ్డాయి.

ఆ అవసరం ఎలాంటిదో శ్రీకాళహస్తిలో కనిపిస్తుంది. అక్కడి కలంకారీ ఒక్క చేతితో, ఒక్క పూటలో అయ్యే పని కాదు. నేత గుడ్డను ఉతికి, కరక్కాయ కలిపిన గేదె పాలలో తడిపి ఎండబెడతారు. పాల జిడ్డు ఉంటే గీత పక్కకు పాకదు. చింతబొగ్గుతో బొమ్మ గీసుకున్నాక, తుప్పుపట్టిన ఇనుమును బెల్లం నీళ్లలో రోజుల తరబడి ఊరబెట్టి తీసిన ద్రవంలో కలం ముంచి గీతలు దిద్దుతారు. కరక్కాయ తగలగానే ఆ గీత నల్లబడుతుంది. కలమంటే మొన చెక్కిన వెదురు పుల్ల. దానికి చుట్టిన ఉన్నిగుడ్డను వేళ్లతో నొక్కితే రంగు జారుతుంది. ఎరుపు రావాల్సిన చోట పటిక నీళ్లు పూసి, గుడ్డను రంగునిచ్చే వేళ్లతో ఉడకబెడతారు. ఆ తర్వాత పారే నీళ్లలో జాడించాలి. అందుకు పక్కనే స్వర్ణముఖి ఉంది.

ఇంత పని చేసి గీసిన రామాయణ, భారత కథల తెరలు గుళ్లలో వేలాడేవి. ఆ తెరలు రాయించేవాళ్లు తగ్గిపోయే కొద్దీ కలం పట్టే చేతులూ తగ్గాయి. ఇరవయ్యో శతాబ్దం నడిమికి ఈ విద్య కొద్దిమంది దగ్గరే మిగిలింది. కమలాదేవి చొరవతో 1950ల చివర ప్రభుత్వం అక్కడ శిక్షణ కేంద్రం తెరిచింది. జొన్నలగడ్డ లక్ష్మయ్య వంటి పెద్దల చేతి పని కొత్తవాళ్లకు అందింది. లక్ష్మయ్య గారి కుమారుడు గురప్పశెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది. ఇంకా చేతులు ఉండగానే బడి పెట్టడం వల్ల ఈ కొనసాగింపు సాధ్యమైంది. పదిహేనేళ్లు ఆలస్యమై ఉంటే కేంద్రానికి భవనం దొరికేది కానీ గురువు దొరికేవారు కాదు.

గురువే లేని చోట ఏం చేయాలి? నాట్యాచార్యుడు నటరాజ రామకృష్ణ ఎదుర్కొన్న ప్రశ్న ఇదే. కాకతీయుల నాటి పేరిణి నృత్యం నేర్పేవాళ్లు ఒక్కరూ లేరు. మిగిలిన ఆధారాల్లో ముఖ్యమైనవి రెండు: గణపతిదేవుడి గజసేనాని జాయప సంస్కృతంలో రాసిన నృత్తరత్నావళి, 1213లో కట్టిన రామప్ప గుడి శిల్పాలు. శాస్త్రం కదలిక ఎలా ఉండాలో చెబుతుంది, శిల్పం ఒక్క క్షణాన్ని పట్టి చూపిస్తుంది. ఆ రెండింటి మధ్య ఉన్న ఖాళీని నాట్యాచార్యుడే పూరించాలి. రామకృష్ణ ఏళ్ల తరబడి పరిశోధించి, యువకులను తయారుచేసి, 1985 మహాశివరాత్రికి రామప్ప గుడి దగ్గరే ఆడించారు.

ఇక్కడ నిజాయతీ కావాలి. శ్రీకాళహస్తిలో జరిగింది కొనసాగింపు, పేరిణి విషయంలో జరిగింది పునర్నిర్మాణం. రెండూ గౌరవించదగినవే. అయితే ఏది పాతది, ఏది తాను కూర్చినది అని శిష్యుడికీ ప్రేక్షకుడికీ విడమరిచి చెప్పడం ఆ పనికి నాయకత్వం వహించేవారి బాధ్యత.

వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకది మరో కథ. అక్కడ అంకుడు కర్రను చెక్కి, లక్క పట్టించి బొమ్మలు చేసే కళాకారులు ఉన్నారు, బొమ్మలూ ఉన్నాయి. పోయినవి రంగులు. మొక్కల రంగుల స్థానంలోకి రసాయనాలు వచ్చాయి. పిల్లలు నోట్లో పెట్టుకునే బొమ్మకు అవి తగవు. సి.వి. రాజు గారు పసుపు, నీలి, జాఫ్రా వంటి వాటితో లక్కకు రంగులు కట్టే పద్ధతుల మీద పనిచేసి, కళాకారులతో కలిసి వాటిని మళ్లీ వాడుకలోకి తెచ్చారు. 2023లో ఆయనకు పద్మశ్రీ దక్కింది.

ఒక చోట చేతులు తరిగిపోతున్నాయి, ఒక చోట గురువే లేడు, మరో చోట ముడిసరుకు మారిపోయింది. మూడింటికీ ఒకటే మందు పనిచేయదు. అయినా మన దగ్గర కళల పునరుద్ధరణ అనగానే ఉత్సవం, శాలువా, ఫ్లెక్సీ గుర్తొస్తాయి. ఉత్సవం మర్నాటికి కళాకారుడి ఇంట్లో పరిస్థితి యథాతథం. ఉత్సవాల పద్దు కింద ఖర్చయ్యే డబ్బులో కొంత కరక్కాయ కొనడానికో, శిష్యుడి నెల ఖర్చుకో మళ్లిస్తే ఫలితం ఎక్కువ.

పట్టభద్రులారా, మీలో కొందరు రేపు సాంస్కృతిక శాఖల్లో, మ్యూజియాల్లో, స్వచ్ఛంద సంస్థల్లో చేరతారు. మొదటి రోజే వేదిక గురించి ఆలోచించకండి. మీ జిల్లాలో ఒక కళను ఎంచుకోండి. నేర్పగలవాళ్లు ఎందరు, వాళ్ల వయసెంత, ముడిసరుకు ఎక్కడి నుంచి వస్తోంది, కిందటేడు ఎవరు కొన్నారు, పిల్లలు ఎందుకు మానేశారు? ఇళ్లకు వెళ్లి కూర్చుని, అడిగి రాసుకోండి. ఆ కాగితం మీ చేతిలో ఉన్నాకే పథకం రాయండి. పెద్ద వయసు గురువులున్న ఊళ్లతోనే మొదలుపెట్టండి.