ఉచితముగా వచ్చిన పియానో

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



“గుర్రము గుడ్డిదైనను దాణాకు తక్కువ లేదు” అని పెద్దలు చెప్పిన సామెత కలదు. ఆ సామెతకు పాశ్చాత్య దేశములలోని పాత పియానోను మించిన నిదర్శనము లేదు. అమెరికాలోను, ఇంగ్లండులోను తాతల నాటి పియానోను అమ్మజూచి, కొనువారు లేక, తుదకు “తీసికొనిపోవువారికి ఉచితము” అని ప్రకటించు గృహస్థులు నేడు అనేకులు. పిల్లలకు సంగీతము చెప్పింపగోరు తల్లిదండ్రులు, చిన్న పాఠశాలలు, ప్రార్థనామందిరములు దానిని సంతోషముతో తెచ్చుకొందురు. వెల లేని ఆ వస్తువునకు పిమ్మట చెల్లింపవలసిన వెల ఎట్టిదో విచారించుట, దానములతో నిత్యము పని గల గ్రంథాలయమునకు అప్రస్తుతము కానేరదు.

మొదట ఆ వాద్యమెట్టిదో తెలియవలెను. దానిని కల్పించినవాడు ఇటలీ దేశీయుడగు బార్తొలొమియో క్రిస్తొఫోరి. ఫ్లారెన్సు నగరమున మెడిచీ ప్రభువుల కొలువులో వాద్యముల పోషణ చూచుచు, 1700 నాటికే ఆయన దీనిని నిర్మించెను. అంతకు పూర్వమున్న హార్ప్సికార్డులో తీగను ఈకమొన మీటెడిది. వ్రేలి బలమునుబట్టి నాదము హెచ్చుట, తగ్గుట అందు లేదు. క్రిస్తొఫోరి తీగను చిన్న సుత్తి కొట్టునట్లు చేసెను. మెల్లగా నొక్కిన మెల్లగాను, గట్టిగా నొక్కిన గట్టిగాను పలుకుటయే పియానో విశేషము. ఆయన చేసినవానిలో మూడు మాత్రమే మిగిలినవి. వానిలో 1720 నాటిది న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియమున నేటికిని కలదు.

ఇప్పటి పియానోకు 88 మీటలు, సుమారు 230 తీగలు ఉండును. ఆ తీగలన్నియు కలిసి లాగు బలము ఇంచుమించు 18 టన్నులు. దానిని భరించుటకై లోపల పోతయినుప చట్రమును బిగింతురు. అందువలన గోడప్రక్క నిలుపు సామాన్యమైన పియానోయే 200 నుండి 300 కిలోలు తూగును. సభలలో వాయించు పెద్ద పియానో 500 కిలోలకు సమీపించును.

ఈ బరువే మొదటి ఖర్చు. హార్మోనియమును ఒక్కడు చంకన పెట్టుకొని నాటక సమాజముతో ఊరూరు తిరుగగలడు. పియానోను కదపుటకు పనితనమెరిగిన కూలీలు, తగిన బండి, పట్టీలు కావలెను. మేడమెట్లమీద అది జారెనా, మనిషి ప్రాణమునకే ముప్పు. అమెరికాలో దానిని ఒక యింటినుండి మరియొక యింటికి చేర్చుటకే కొన్ని వందల డాలర్లు పట్టును.

రెండవది శ్రుతి. మన వైణికుడు కచేరీకి ముందు బిరడలు తిప్పి తన వీణను తానే శ్రుతి చేసికొనును. పియానో వాయించువాడు సాధారణముగా ఆ పని చేయజాలడు. అది వేరొక వృత్తి. తీగల వెనుకనుండు పలుచని కొయ్యపలక తేమకు ఉబ్బును, ఎండకు కుదియును. దానితోబాటు శ్రుతియు మారును. కనుక ఏటికి ఒకటి రెండు పర్యాయములైనను పనివానిని పిలువవలెను. పిలిచిన ప్రతిసారి అమెరికాలో సాధారణముగా 100 నుండి 200 డాలర్ల ఖర్చు. పది యిరువది యేండ్లు ముట్టని పియానో శ్రుతి బాగుగా దిగజారియుండును. దానిని పైకి లాగునప్పుడు త్రుప్పు పట్టిన తీగలు తెగుటయు కలదు.

మూడవది కంటికి కానరాని జబ్బు. తీగలను బిగించు ఇనుప బిరడలు ఒక కొయ్యదిమ్మెలో నాటుకొనియుండును. ఆ దిమ్మె ఎండి బీటలు వారినచో బిరడ నిలువదు. ఎంత నేర్పరి శ్రుతి చేసినను అది నిలిచియుండదు. సుత్తులకు తొడిగిన ఉన్నిని చిమ్మటలు తినును. ఎలుకలు లోపల గూడు కట్టును. పై చెక్క అద్దమువలె మెరయుచుండగా లోపలిది వట్టిపోయి యుండవచ్చును. సమూలముగా బాగుచేయించుటకు వేల డాలర్లు కావలెను. ఒక్కొక్కప్పుడు ఆ సొమ్ముతో మంచి పియానోయే కొనవచ్చును.

పాతబడినకొలది విలువ పెరుగునను భ్రమ కొందరికి కలదు. మంచి వయొలిను విషయమున అది కొంత నిజమే. పియానో అట్లు కాదు. లోపల వేలకొలది భాగములు రాపిడికి అరుగును. 1909లో ఒక్క అమెరికాలోనే మూడున్నర లక్షలకు పైగా పియానోలు అమ్ముడుపోయెను. పిమ్మట గ్రామఫోను, రేడియో వచ్చెను. 1929లో ఆర్థికమాంద్యము ప్రారంభమయ్యెను. ఆనాటి పియానోలలో మిగిలినవానికి ఇప్పుడు నూరేండ్లు దాటినవి. అవి అరుదైన వస్తువులు కావు, అలసిన వస్తువులు.

చివరి ఖర్చు వదలించుకొనుట. పనికిరాదని తేలిన పియానోను పారవేయుటకును మరల కూలి చెల్లింపవలెను. అందుచేత ఉచితముగా ఇచ్చువాడు తన ఖర్చును ఎదుటివానికి బదిలీ చేయుచున్నాడేమో యని విచారించుట తప్పు కాదు.

డాలర్ల లెక్కలో చేరని నష్టము మరియొకటి కలదు. నేర్చుకొను బాలిక మీటను సరిగానే నొక్కును. స్వరము తప్పు పలుకును. వాద్యము చెడినదని ఆమెకు తెలియదు. తన వ్రేలే చెడ్డదనుకొనును. తప్పుడు స్వరమునకు చెవి అలవాటు పడును. కొన్ని మాసములకు విసుగు పుట్టి, ఆమె సంగీతమునే మానును. ఉచితముగా తెచ్చిన పియానో ఆమెకు సంగీతమునే ఖరీదుగా తీసికొనును.

ఇన్ని చెప్పినంత మాత్రమున ఉచిత పియానోలన్నియు త్యజింపదగినవని అర్థము కాదు. ఏటేట శ్రుతి చేయించి, ఎండ తగులని చోట కాపాడినవియు కలవు. తెచ్చుటకు ముందే వృత్తికారునికి కొంత రుసుము చెల్లించి చూపించుట వివేకము. ప్రతి మీటయు పలుకుచున్నదా, బిరడలు బిగువుగా నున్నవా, కొయ్యపలక పగిలినదా, కడపట శ్రుతి చేయించినదెప్పుడు అను నాలుగు ప్రశ్నలకు ఉత్తరము దొరకిన చాలును. మన కోస్తా ఊళ్ళలో తేమ అధికము. శ్రుతి చేయువారు పెద్ద నగరములలోనే దొరకుదురు. కాబట్టి ఇచ్చట ఈ విచారణ మరింత అవసరము.

“దానమిచ్చిన ఆవు పళ్ళు ఎంచుదురా?” యని కొందరు ఆక్షేపింతురు. కఠోపనిషత్తులో వాజశ్రవసుడు పాలు వట్టిపోయిన ముసలి ఆవులను దానము చేయుచుండగా, అట్టి దానమువలన దాతకు మేలు లేదని బాలుడగు నచికేతుడే బాధపడెను. పళ్ళు ఎంచుట దాతను అవమానించుట కాదు. దానమును సార్థకము చేయుట.

గ్రంథాలయమునకు పుస్తకముల కట్టలు వచ్చునప్పుడును ఇదే ధర్మము. చెదపట్టిన కట్ట ఒక్కటి బీరువాలో చేరెనా, ప్రక్కనున్న మంచి పుస్తకములకును చేటు. చదువువారు లేని పాత సంపుటములు ఆక్రమించిన అరలో పిల్లల పుస్తకములకు చోటుండదు. బైండింగు, బీరువా, దులుపుట, జాబితా వ్రాయుట అన్నియు చందాదారుల సొమ్ముతోనే జరుగవలెను. కావున కార్యవర్గము ప్రతి దానమును మూడు మాటలు అడుగవలెను: ఇది ఎవరికి ఉపయోగము? దీనికి చోటెక్కడ? దీని పోషణ ఎవరిది? తృప్తికరమైన ఉత్తరము లేనిచో, దాతకు నమస్కరించి, “తమ ఆదరమును స్వీకరించితిమి, వస్తువును మాత్రము తగినచోట నియోగింపుడు” అని మర్యాదగా చెప్పుట మేలు. ఉత్తరము లభించినచో దాత పేరు జాబితాలో వ్రాసిన దినముననే, దాని పోషణకగు మొత్తమును ఆ యేటి ఆదాయవ్యయ పట్టికలోను వ్రాసికొనవలెను.