పదియవ వంతు



రూపాయిని పది భాగములు చేసినచో ఒక్కొక్కటి పది పైసలని పసివాడైనను చెప్పగలడు. కాని సున్నను, ఒకటిని మాత్రమే యెరిగిన కంప్యూటరు ఆ పదియవ వంతును సంపూర్ణముగా వ్రాయజాలదు. మూడింట నొక వంతును దశాంశములలో వ్రాయబూనినప్పుడు మూళ్లు తెగక సాగిపోవునట్లే, పదింట నొక వంతును ద్విసంఖ్యామానమున వ్రాయబూనినప్పుడు 0011 అను వరుస అనంతముగా ఆవృత్తమగుచుండును. యంత్రమున నున్న చోటు మాత్రము పరిమితము. 64 బిట్ల పాత్రలో గుర్తునకు 1, ఘాతాంకమునకు 11, సార్థకాంకములకు 52 కేటాయింపబడియున్నవి. ఘాతాంకము బిందువును ఇటునటు జరుపుచుండుటచేత పరమాణువు వ్యాసమును, నక్షత్రముల దూరమును ఒకే పాత్రలో నిముడును. ఇముడక మిగిలిన అంకెలు సమీపసంఖ్యకు సవరింపబడును. అందుచేతనే 0.1, 0.2 కలిపినచో 0.30000000000000004 వచ్చుట మీరు ప్రయోగశాలలో చూచియే యుందురు.

ఒకప్పుడు ఒక్కొక్క సంస్థవారి యంత్రము ఒక్కొక్క తీరున సవరించుచుండగా, యంత్రము మారినంతనే లెక్కయు మారుచుండెను. బర్కిలీ ఆచార్యుడు విలియం కహాన్ మొదలగువారి కృషిచే 1985లో వెలువడిన ఐఇఇఇ 754 ప్రమాణము ఆ అరాచకమును తొలగించి, దోషమునకు హద్దు గీచెను. సున్నను సున్నచే భాగింపుమన్నప్పుడు ఏదో యొక సంఖ్యను బొంకక, ‘ఇది సంఖ్య కాదు’ అని తెలుపుటకు ప్రత్యేక సంకేతమును గూడ ఏర్పరచెను.

హద్దెరుగని దోషమేమి చేయునో 1991 ఫిబ్రవరి 25న సౌదీ అరేబియాలోని దహ్రాన్‌లో లోకము చూచెను. అచ్చటి పేట్రియట్ క్షిపణినిరోధక యంత్రపు గడియారము సెకనులో పదియవ వంతులను లెక్కించుచుండెను. అందలిది బిందువు కదలని స్థిరబిందు గణనమే యైనను దోషబీజ మీ పదియవ వంతే. దానిని 24 బిట్లలో కత్తిరించుటచే కలిగిన లోపము సెకనులో కోటవ వంతుకైనను తక్కువ. నూరు గంటలు ఎడతెగక నడచునప్పటికి అది సుమారు సెకనులో మూడవ వంతయ్యెను. వచ్చుచున్న స్కడ్ క్షిపణిని యంత్రము తప్పుచోట వెదకెను. 28 మంది అమెరికను సైనికులు అసువులు బాసిరి.

నేడు పట్టములందుకొనుచున్న మిత్రులారా, మీరు కట్టు లెక్కలపై రేపు వంతెనలు నిలుచును, రోగులకిచ్చు మందుల మోతాదులు నిర్ణయమగును. సవరించిన సంఖ్య అసత్యము కాదు. సవరించితినన్న మాటను దాచుటయే అసత్యము. కావున జవాబు వ్రాసిన చేతితోనే అందలి దోషమెంతయో దాని ప్రక్కన వ్రాయుడు. ఆ దోషము నూరు గంటలలో ఎంతకు పెరుగునో ముందుగా గుణించి చూడుడు. మీకు శుభమగుగాక.