బావిపంపు నీరు పోయనప్పుడు చూడవలసిన సంగతులు



పైరు పొట్టకు వచ్చిన వేళ పంపు తిరుగుచున్నను నీరు పడకున్నచో, తొందరపడి యంత్రమును విప్పవలదు. తఱచుగా దోషము పంపులో గాక పీల్చు గొట్టములో నుండును.

సెంట్రిఫ్యూగల్ పంపు గాలిని లాగజాలదు. లోపలి రెక్కలచక్రము నీటిని విసరగా నేర్పడు వెలితిలోనికి, బావినీటిపై నున్న గాలి యొత్తిడియే నీటిని నెట్టును. ఈ యొత్తిడి సముద్రమట్టమున సైతము సుమారు 34 అడుగులకు మించి నీటిని నిలుపజాలదు. గొట్టములోని రాపిడి మొదలగు నష్టములు పోగా, నీటిమట్టమునకు 20 అడుగులలోపుననే పంపు నుంచుట క్షేమము. వేసవిలో నీరు దిగినకొలది పంపును దింపవలెను. ఎంత పెద్ద ఇంజను కొన్నను ఈ హద్దు మాఱదు. సొమ్ము మాత్రము వ్యర్థమగును.

నీరు రానిచో ఈ క్రమమున పరీక్షింపుడు.

1. పంపును, పీల్చు గొట్టమును గాలి బుడగలు పోవువఱకు నీటితో నింపుడు. నీరు లేని పంపును తిప్పరాదు. పోసిన నీరు నిలువనిచో ఫుట్‌వాల్వులో చెత్త చిక్కియుండును, లేదా దాని తోలు అరిగియుండును.

2. నీరు కొంత వచ్చి ఆగినచో గాలి చొచ్చుచున్నదని తెలియుడు. అతుకులను, గ్లాండును చూడుడు. ఫుట్‌వాల్వు నీటిలో రెండు మూడడుగులైన మునిగియుండవలెను. పీల్చు గొట్టము పంపువైపునకు ఎక్కుచునే పోవలెను. నడుమ గూనియున్నచో నచట గాలి నిలుచును.

3. నీరు సన్నగిల్లినచో బెల్టు జారుచున్నదేమో చూడుడు. వేగము సగమైనచో పంపు నీటిని ఎత్తగల యెత్తు నాలుగవ వంతగును. మూడు ఫేజుల మోటారు వెనుకకు తిరిగినచో, మెయిన్ స్విచ్చి నాపి, తెలిసినవానిచే రెండు ఫేజు తీగలను తారుమారు చేయింపుడు.

4. గులకరాళ్లు దొరలినట్లు చప్పుడైనచో వెంటనే ఆపి, ఫుట్‌వాల్వు జల్లెడను శుభ్రపఱచుడు. ఉపేక్షించినచో రెక్కలు గుంటలుపడి చెడును.

గ్లాండునుండి బొట్లుగా నీరు కారుట దోషము గాదు. అది యిరుసును చల్లబఱచును. పూర్తిగా ఆగునట్లు బిగించినచో నిరుసు వేడెక్కి అరుగును.

కడపట ముఖ్యమైన హెచ్చరిక. పంపును బావిలోనికి దింపినను, ఆయిలు ఇంజను గట్టుపైననే యుండవలెను. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడు రంగును వాసనయు లేని విషము. దీపము వెలుగుచున్నంత మాత్రమున బావిలో నీ విషము లేదని నమ్మరాదు. ఒకడు లోపల పడిపోయినచో తీయబోయినవాడును పడును. ఈ సంగతిని ఇంజను నడపువారికిని, పాలేర్లకును తప్పక తెలుపుడు.