పిల్లల్ని ఎప్పుడు ఒంటరిగా వదలొచ్చు?



వేసవి సెలవులూ, తునికాకు కాలమూ మనకు ఒకేసారి వస్తాయి. పిల్లలు హాస్టల్ నుంచి ఇంటికి చేరేసరికి అమ్మానాన్నలు చీకటితోనే అడవికి బయలుదేరతారు. అందుకే పిల్లల్ని తీసుకెళ్లడానికి వచ్చినప్పుడు, "మేం ఆకుకు పోతే వీళ్లు ఇంటి దగ్గర ఉండగలరా మేడం?" అని మమ్మల్ని అడుగుతుంటారు. ఈ ప్రశ్నకు జవాబులో సగం మీ చేతుల్లోనే ఉంది.

ముందు చట్టం సంగతి. ఇన్నేళ్లు నిండితే ఇంట్లో ఒంటరిగా ఉంచొచ్చని మన దేశంలో ఏ చట్టమూ వయసు చెప్పలేదు. కానీ 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం 18 ఏళ్ల లోపు వారంతా పిల్లలే. వాళ్ల బాధ్యత ఉన్నవారు కావాలని నిర్లక్ష్యం చేసి కష్టం కలిగిస్తే శిక్ష పడుతుంది. ఇంకో సంగతి చూడండి. 7 ఏళ్ల లోపు పిల్లలు చేసిన పనిని చట్టం నేరంగా చూడదు. 7 నుంచి 12 ఏళ్ల మధ్య అయితే, ఆ బిడ్డకు ఎంత తెలివిడి వచ్చిందో చూసి తేలుస్తుంది. మనం కూడా వయసుతో పాటు తెలివిడినీ కొలవాలి.

"మా పిల్లలు ఎనిమిదేళ్లకే మేకల్ని కాస్తారు, వాళ్లకేం భయం?" అంటారు మన పెద్దలు. నిజమే, వాగు ఎక్కడ లోతో మన పిల్లలకు తెలుసు. అయితే ఆ రోజుల్లో అరుగు మీద ఒక అవ్వ ఉండేది. కేక వేస్తే నాలుగు గుమ్మాలు పలికేవి. ఇప్పుడు మిరపకోతలకు వలస పోయే నెలల్లో గూడెంలో సగం ఇళ్లకు తాళాలే.

హాస్టల్లో పిల్లల్ని చూస్తూ మేం పెట్టుకున్న లెక్క ఇది. 7 ఏళ్ల లోపు వాళ్లను కాసేపైనా ఒంటరిగా వదలొద్దు. 3 నుంచి 6 ఏళ్ల వాళ్లకు అంగన్‌వాడీ ఉంది. 8 నుంచి 10 ఏళ్ల వాళ్లను పగటిపూట గంటసేపు ఉంచొచ్చు, అదీ పక్కింట్లో పెద్దవాళ్లుంటేనే. పొయ్యి ముట్టించకూడదు, వాగుకు పోకూడదు. 11, 12 ఏళ్లు దాటాక పూటంతా ఉండొచ్చు, ఈ నాలుగూ వస్తే: నాన్న ఫోన్ నంబరు నోటికి రావాలి. సిగ్నల్ లేకపోతే ఎవరింటికి పరుగెత్తాలో తెలియాలి. పాము కరిస్తే కోయకుండా, తాడు బిగించకుండా, కదలనివ్వకుండా 108కి కబురు పెట్టాలి. ఎవరైనా తప్పుగా ముట్టుకుంటే అక్కడి నుంచి పారిపోయి వచ్చి చెప్పగలగాలి. రాత్రిపూట మాత్రం ఈ వయసులోనూ వద్దు.

ఇంతకంటే ముఖ్యమైనది ఇంకొకటి. తనను తాను చూసుకోగల పిల్ల చంటిబిడ్డను కూడా చూసుకోగలదని అనుకోకండి. పదేళ్ల అక్క చంకకు తమ్ముణ్ణి ఎత్తి, పొయ్యి మీద గంజి అప్పగించి పోతే, ఆమె మీద రెండు ప్రాణాల భారం పెట్టినట్టే. అది వేసవితో ఆగదు. "తమ్ముణ్ణి ఎవరు చూస్తారు?" అన్న ఒక్క మాటతో జూన్‌లో ఆ పిల్ల హాస్టల్‌కు రాదు. మేం వెతుక్కుంటూ గూడేలకు వెళితే, ఎక్కువగా ఆడపిల్లలే చంకన బిడ్డతో ఎదురొస్తారు. వాళ్లను ఒప్పించి తీసుకురావడానికి మాకు నెలలు పడుతుంది. కొందరు ఇక రారు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, కాలేజీ సెలవులకు మీరూ గూడెంలోనే ఉంటారు. ఈ తునికాకు కాలంలో రోజుకు ఇద్దరు వంతు వేసుకోండి. ఒక అబ్బాయి, ఒక అమ్మాయి ఉంటే మంచిది. బడి వరండాలోనో, చింతచెట్టు కిందో పిల్లలందర్నీ ఒకచోట కూర్చోబెట్టండి. ఒక కుండ నీళ్లు, నాలుగు ఆటలు, మీ కళ్లు చాలు. బడి గోడ మీద 1098, 108 నంబర్లు పెద్దగా రాయండి. అమ్మానాన్నలు కల్లం దగ్గర ఆకు కట్టలు అప్పజెప్పి వచ్చేదాకా ఉండండి.

ఒకప్పుడు అరుగు మీద అవ్వ చేసిన పని ఇది. ఇప్పుడు వంతు మీది. జూన్‌లో మా హాజరుపట్టీలో ఏ అక్క పేరూ ఖాళీగా ఉండకూడదు.

జై ఆదివాసీ.