అమెరికా ఊళ్ళకు కైఫియత్తులు



రెండు వందల ఏళ్ళ కిందట మన ఊళ్ళకు కొందరు కొత్తమనుషులు వచ్చారు. కాలిన్ మెకంజీ దొర పంపగా వచ్చినవాళ్ళు. వాళ్ళలో కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి అన్నదమ్ములు ముఖ్యులు. ఈ ఊరికి ఆ పేరెలా వచ్చింది, గుడి ఎవరు కట్టించారు, చెరువు ఎవరు తవ్వించారు, మాన్యాలు ఎవరిచ్చారు అని ఊరి కరణాలను, పెద్దలను అడిగారు. చెప్పింది చెప్పినట్టు రాయించుకున్నారు. అవే కైఫియత్తులు. ఆ కాగితాలు శిథిలమైపోతున్న రోజుల్లో సి.పి. బ్రౌన్ వాటికి మళ్ళీ నకళ్ళు రాయించాడు. ఇవాళ కడప వైపు ఒక మారుమూల పల్లె చరిత్ర రాయాలన్నా ముందు తీసేది వాటినే. వాటిలో పొరపాట్లున్నాయి, పుక్కిటి పురాణాలున్నాయి, శాసనాలతో సరిచూడందే నమ్మకూడనివీ ఉన్నాయి. అయినా అవే లేకపోతే వందల ఊళ్ళ గురించి మనకు ఒక్క ముక్క తెలిసేది కాదు.

అక్కడ జరిగిందేమిటో గమనించండి. ఊరికి వచ్చిన అతిథి మాట్లాడి వెళ్ళిపోలేదు. అడిగాడు, విన్నాడు, రాసుకున్నాడు.

అమెరికాలో మన సభలు ఇందుకు సరిగ్గా తలకిందులుగా నడుస్తున్నాయి. ఈ మాట నిందగా అనడం లేదు. ఆ సభల్లో పెరిగినవాణ్ణి, వాటి వల్ల బాగుపడినవాణ్ణి. 1971లో న్యూయార్కులో తెలుగు సాహిత్య సాంస్కృతిక సంఘం పుట్టింది. 1977లో అదే ఊళ్ళో మొదటి తెలుగు మహాసభ జరిగి ఉత్తర అమెరికా తెలుగు సంఘానికి, అంటే తానాకు, పునాది పడింది. అప్పటి నుంచీ ఎంతమంది కవులు, పండితులు, అవధానులు, చరిత్రకారులు ఇక్కడి వేదికలెక్కారో! డాలస్‌లో టాంటెక్స్ తెలుగు సంఘం వారి 'నెలనెలా తెలుగు వెన్నెల' రెండు వందల సదస్సులు దాటింది. డిట్రాయిట్‌లో తెలుగు సాహితీ సమితివారు 1998 నుంచీ పుస్తకం చదివి, కూర్చుని, మొహమాటం లేకుండా చర్చించుకుంటున్నారు. దేశం నుంచి వచ్చిన పెద్దమనిషికి శాలువా కప్పి, జ్ఞాపిక చేతికిచ్చి, గంటసేపు విని, భోజనం పెట్టి, మరునాడు నయాగరా చూపించి పంపడం మన సంప్రదాయమైపోయింది. మంచి సంప్రదాయమే. కాకతీయుల గురించి, రాయల గురించి, గిడుగు గురించి, గురజాడ గురించి ఇక్కడ పుట్టిన పిల్లలకు నాలుగు ముక్కలు తెలిశాయంటే ఆ అతిథుల చలవే.

కానీ ఆ హాల్లో కూర్చున్న మూడు వందలమంది చరిత్ర ఆ వేదిక ఎప్పుడెక్కింది? ఎవరు ముందు వచ్చారు, ఏ అపార్టుమెంట్లలో దిగారు, మొదటి ఉగాది ఏ చర్చి బేస్‌మెంట్‌లో జరిగింది, ఆ రోజు పులిహోర కలిపిందెవరు, పచ్చడిలోకి వేపపువ్వు ఎక్కడ దొరికింది?

ఎవరి స్మృతికి ఈ ఉపన్యాసం ఏర్పాటయిందో, ఆ పెద్దాయన అలవాటు మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. అతిథి మాట్లాడటం మొదలుపెట్టగానే ముందు వరుసలో కూర్చుని టేప్‌రికార్డరు నొక్కేవారు. క్యాసెట్టు మీద వక్త పేరు, తేదీ, హాలు పేరు గుండ్రటి అక్షరాలతో రాసేవారు. నాకు అంతకంటే నచ్చింది మరొకటి. ఉపన్యాసం అయ్యాక కూడా టేపు ఆపేవారు కాదు. కాఫీల దగ్గర, చెప్పుల దగ్గర, కార్ల దగ్గర జరిగే మాటలు కూడా అందులో పడేవి. వాళ్ళమ్మాయి దయవల్ల ఈ మధ్య కొన్ని విన్నాను. ఒక టేపులో గంటసేపు మనుచరిత్ర మీద ప్రసంగం ఉంది. దాని తర్వాత పది నిమిషాలు ఇద్దరు ఆడవాళ్ళ మాటలు. మంచు తుఫానులో కరెంటు పోయిన రాత్రి ఒకే ఇంట్లో నాలుగు కుటుంబాలు చలికాచుకున్న సంగతి. మనుచరిత్ర మీద అంత మంచి ప్రసంగాలు పుస్తకాల్లో దొరుకుతాయి. ఆ పది నిమిషాలు ఇంకెక్కడా దొరకవు.

ఇలాంటి సంగతులు దాచడానికే ఈ దేశంలో స్థానిక చరిత్ర సంఘాలని ఉన్నాయి. కౌంటీకి ఒకటి, కొన్నిచోట్ల ఊరికొకటి. జీతాలు తీసుకునేవాళ్ళు ఒకరో ఇద్దరో, చాలాచోట్ల వాళ్ళూ ఉండరు. రిటైరైన టీచర్లు, లైబ్రేరియన్లు, పోస్టుమాస్టర్లు స్వచ్ఛందంగా నడుపుతారు. నెలకొక సాయంత్రం లైబ్రరీ గదిలో అతిథి ఉపన్యాసం, తర్వాత కాఫీ, కుకీలు. అలాంటి ఒక సభలో వెనక కూర్చుని విన్నాను. ఊళ్ళో ఒకప్పటి పాలకేంద్రం గురించి ఒక ప్రొఫెసరు మాట్లాడుతున్నారు. తెర మీద ఫోటో పడగానే ఒక ముసలాయన చెయ్యెత్తి, "అది మెయిన్ స్ట్రీట్ కాదండీ, నది వైపు రోడ్డు. ఆ గేటు దగ్గర నిలబడ్డది మా మేనత్త" అన్నారు. ప్రొఫెసరు ఉపన్యాసం ఆపేసి కాగితం తీశారు. తర్వాత అరగంట ప్రశ్నలన్నీ ముసలాయనకే. సభ అయ్యాక ఒకామె పాత ఫోటోల పెట్టె తెచ్చింది. నిర్వాహకురాలు దానపత్రం మీద ఆమె చేత సంతకం పెట్టించి, నమోదు పుస్తకంలో సంఖ్య వేసి, ఫోటో వెనక మెత్తటి పెన్సిలుతో ఆ సంఖ్య రాసింది. బాల్‌పెన్ను వాడితే ఒత్తుడు పడి అచ్చు ఇటువైపు తేలుతుందట.

ఈ దేశపు చరిత్ర సంఘాల్లో మొదటిది మసాచుసెట్స్ హిస్టారికల్ సొసైటీ, బోస్టన్‌లో జెరెమీ బెల్క్‌నాప్ అనే మతాచార్యుడు చొరవ తీసుకుంటే 1791లో ఏర్పడింది. ఆ సంవత్సరం గుర్తుపెట్టుకోండి. ఈ దేశం స్వాతంత్ర్యం ప్రకటించుకుని అప్పటికి పదిహేనేళ్ళు! "మనం వచ్చి అరవై ఏళ్ళు కాలేదు, మనకిక్కడ చరిత్రేమిటండీ" అని మనవాళ్ళు నాతో అన్నప్పుడల్లా నేను చెప్పే జవాబు ఇదే. చూసినవాళ్ళు బతికుండగానే మొదలుపెట్టాలని బెల్క్‌నాప్‌కు తోచింది. మన సంగతీ చూడండి. 1965 ఇమ్మిగ్రేషన్ చట్టం పూర్తిగా అమల్లోకి వచ్చిన 1968లో పాతికేళ్ళ వయసుతో దిగిన తెలుగువాడికి ఇప్పుడు ఎనభై దాటాయి.

నార్వే నుంచి వచ్చినవాళ్ళ కథ మనకింకా దగ్గర. వాళ్ళు కూడా మనలాగే సొంత జిల్లా పేరున కూడేవాళ్ళు. వాల్డ్రెస్ ప్రాంతంవాళ్ళు 1899లో మినియాపోలిస్‌లో కలిశారు. ఆ తర్వాత ప్రాంతానికొక సంఘం పుట్టుకొచ్చింది. మనవాళ్ళు గుంటూరువాళ్ళమని, వరంగల్లువాళ్ళమని వనభోజనాలకు కలవడం లేదూ, అలాగే. అయితే వాళ్ళు అక్కడితో ఆగలేదు. తమవాళ్ళ తొలి ఓడ వచ్చి వందేళ్ళయిన 1925లో మిన్నెసోటాలోని సెయింట్ ఓలాఫ్ కాలేజీ ఆసరాగా చరిత్ర సంఘం పెట్టుకున్నారు. ఉత్తరాలు, డైరీలు, చర్చి రిజిస్టర్లు పోగుచేశారు. ఆ ఇళ్ళల్లో నార్వే భాష మాట్లాడేవాళ్ళు తగ్గిపోయాక కూడా ఆ కాగితాలు మిగిలాయి.

మనకు ఈ విద్య కొత్తదీ కాదు. 1922లో రాజమహేంద్రవరంలో భావరాజు వెంకట కృష్ణారావు గారు, చిలుకూరి వీరభద్రరావు గారు మొదలైనవారు ఆంధ్రేతిహాస పరిశోధక మండలి పెట్టారు. భావరాజు వారు వకీలు. కొమర్రాజు లక్ష్మణరావు గారు మునగాల సంస్థానంలో దివాను. ఆయన పోయాక ఆయన పేరు పెట్టుకున్న హైదరాబాదు లక్ష్మణరాయ పరిశోధక మండలి తెలంగాణ శాసనాలను సేకరించి అచ్చువేసింది. చరిత్ర ఆచార్యులు వచ్చి ఉద్ధరిస్తారని వీళ్ళెవరూ కాచుకు కూర్చోలేదు. సెలవు దొరికితే పొలాలగట్ల మీద పడి రాళ్ళు వెతికారు. మనలో ఇంజనీర్లు, డాక్టర్లు, ఎకౌంటెంట్లు ఎంతమంది లేరు!

ఒక ఉదాహరణ చెబుతాను. మన న్యూజెర్సీకి దగ్గర్లోనే, న్యూయార్కు రాష్ట్రంలో రాక్‌లాండ్ కౌంటీ ఉంది. ఆ కౌంటీకి న్యూసిటీలో తమ చరిత్ర సంఘం ఉంది. అదే కౌంటీలోది పెర్ల్ రివర్ ఊరు. అక్కడి లెడర్లీ లాబొరేటరీస్‌లో 1940 నుంచి 1948లో కన్నుమూసేదాకా పనిచేసినవారు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఫోలిక్ యాసిడ్, బోదకాలుకు వాడే హెట్రజాన్, పిల్లల రక్తక్యాన్సర్ మీద సిడ్నీ ఫార్బర్ ప్రయోగించిన అమినాప్టెరిన్, వీటన్నిటి వెనకా ఆయన ఉన్నారు. మనవాళ్ళు ఆయన బొమ్మకు దండలు వేస్తారు, నేనూ వేశాను. కానీ ఆయన పెర్ల్ రివర్ మనిషి కూడా. అక్కడ ఏ దారిన నడిచారు, ఏ హోటల్లో తిన్నారు, పక్కింటివాళ్ళు ఆయన్ని ఏమని పిలిచేవాళ్ళు? అప్పటికి ఇక్కడ తెలుగు సంఘం లేదు, సావనీరు లేదు. ఆయన జీవితం గురించి ఇవాళ మనకింత తెలిసిందంటే ఎస్.పి.కె. గుప్తా అనే జర్నలిస్టు పట్టు వదలకుండా ఉత్తరాలు వెతికి, ఆయనతో కలిసి పనిచేసినవాళ్ళను అడిగి రాసుకోవడం వల్లనే. ఆ పుస్తకం 1987లో వచ్చింది, మహానుభావుడు పోయిన ముప్పై తొమ్మిదేళ్ళకు. ఈలోగా ఎందరు సాక్షులు వెళ్ళిపోయారో.

అంతటివారికే అలా జరిగింది. ఇక ఊళ్ళో మొదటి ఇండియన్ కిరాణా కొట్టు పెట్టినాయన మాటేమిటి? ఆదివారాలు తన ఇంటి గరాజ్‌లో పిల్లలకు ఓనమాలు దిద్దించిన ఆవిడ మాటేమిటి?

వాళ్ళ చరిత్రకు ఆధారాలు లేక కాదు. మన సంఘాలు వేసిన పాత సావనీర్లు తీయండి. కంప్యూటరులో తెలుగు అక్షరాలు లేని రోజుల్లో చేత్తో రాసి జిరాక్సు తీసిన పుటలుంటాయి. అందరూ కవితలు చూసి ప్రకటనలు తిప్పేస్తారు. నేను ముందు ప్రకటనలే చూస్తాను. చీరలకొట్టు, ట్రావెల్ ఏజెంటు, ఇమ్మిగ్రేషన్ లాయరు, ఎల్‌ఐసీ పాలసీలమ్మేవాడు, ఇళ్ళమ్మే ఏజెంటు. ఏ ఏడాది ఎవరి ప్రకటన వచ్చింది, అడ్రసు ఏ వీధి నుంచి ఏ వీధికి మారింది, ఫుల్‌పేజీ క్వార్టర్ పేజీ ఎప్పుడయింది, ఇవి చాలు మనవాళ్ళ రాకపోకలు, కలిమిలేములు చెప్పడానికి. గుడి కట్టాలంటే టౌన్‌షిప్ జోనింగ్ బోర్డు ముందు విచారణ జరగాలి కదా. పార్కింగు గురించి ఇరుగుపొరుగు ఏమన్నారో, మనవాళ్ళేం బదులిచ్చారో మినిట్స్‌లో ఉంటుంది. ఆ మినిట్స్ అడిగిన ఎవరికైనా చూపిస్తారు. పిట్స్‌బర్గ్ దగ్గర పెన్‌హిల్స్‌లో తిరుమల దేవస్థానం సాయంతో వెంకటేశ్వరుడు 1976–77లో కొలువయ్యాడని మనందరికీ తెలుసు. మన ఊరి గుడికి శంకుస్థాపన నాడు గడ్డపార పట్టిన కూలీ ఏ దేశంవాడో కూడా కైఫియత్తులోకి ఎక్కాలని నా కోరిక.

కష్టమైన సంగతులూ ఎక్కాలి. 1987లో ఈ న్యూజెర్సీలోనే, జెర్సీ సిటీలో, మన బొట్టును వెక్కిరిస్తూ డాట్‌బస్టర్స్ అని పేరు పెట్టుకున్న ముఠా భారతీయుల మీద దాడులకు దిగింది. ఆ ఏడాదే హోబోకెన్‌లో నవ్రోజ్ మోదీ అనే యువకుణ్ణి దుండగులు కొట్టి చంపారు. ఆ నెలల్లో మన ఆడవాళ్ళు బొట్టు చెరిపేసుకుని బజారుకు వెళ్ళారా, పిల్లలకేం చెప్పారు? 2017లో కాన్సస్‌లోని ఒలేతాలో కూచిభొట్ల శ్రీనివాస్ హత్య జరిగాక ఎన్ని తెలుగిళ్ళలో వెనక్కి వెళ్ళిపోదామన్న మాట వచ్చింది? పండగల ఫోటోలు మాత్రమే దాచుకుంటే మన మనవలు మనల్ని అర్థం చేసుకోలేరు.

ఒక ప్రమాదం కళ్ళముందే జరుగుతోంది. పెద్దవాళ్ళు పెద్ద ఇల్లు అమ్మేసి కూతురి ఊరికి మారుతున్నారు. బేస్‌మెంట్‌లో పెట్టెలు నెల రోజుల్లో ఖాళీ చెయ్యాలి. పిల్లలకు తెలుగు చదవడం రాదు. ఆ కాగితాల్లో ఏముందో తెలియక మొత్తం డంప్‌స్టర్‌లో వేస్తున్నారు. వాళ్ళను తప్పుపట్టలేను, అడిగినవాళ్ళం ఎవరం? క్యాసెట్లకూ వీడియో టేపులకూ ఆయుష్షు తక్కువ. అయస్కాంతపు పూత రాలిపోతుంది, వాయించే యంత్రాలు దొరకవు. 2008లో మొదలై, ఫిలడెల్ఫియా కేంద్రంగా నడుస్తున్న దక్షిణాసియా అమెరికన్ డిజిటల్ ఆర్కైవ్, క్లుప్తంగా సాదా, ఇలాంటివాటిని స్కాన్ చేసి, అసలు కాగితాలు ఇంటివాళ్ళకే తిరిగి ఇచ్చేస్తుంది. మన కౌంటీ చరిత్ర సంఘం కూడా తెలుగువాళ్ళు వస్తే కాదనదు. వాళ్ళ బీరువాల్లో డచ్చివాళ్ళు, ఐరిష్‌వాళ్ళు, ఇటాలియన్లు ఉన్నారు. ఆ పక్కన మన ఫోల్డరు ఒకటి ఉంటే సంఘానికి బరువు కాదు. ఏ భాషలో ఉన్నదేమిటో ఇంగ్లీషులో ఒక పేజీ రాసి జతచేస్తే చాలు.

సంఘం నిర్వాహకులకు నా విన్నపం ఇది. వచ్చే ఏడాది అతిథిని పిలిచేటప్పుడు గంట మాట్లాడమని అడగకండి. అరగంట మాట్లాడి, అరగంట మనల్ని ప్రశ్నలడగమని కోరండి. ఆ ప్రశ్నలకు జవాబులు రికార్డు చెయ్యండి. మాట్లాడినవారి అనుమతి కాగితం మీద తీసుకోండి, తేదీ వెయ్యండి. మగవాళ్ళను ఉద్యోగం గురించి, ఆడవాళ్ళను వంట గురించి అడిగి సరిపెట్టకండి. ఆవిడ బ్యాంకులో తన పేరున మొదటి ఖాతా తెరిచిన రోజు అడగండి. ఆయన అమ్మ పోయిన వార్త టెలిగ్రాములో వచ్చిందా, ఫోనులో వచ్చిందా, దహనానికి అందుకున్నారా అని అడగండి. విజిటరు వీసా మీద వచ్చి కూర్చున్న తల్లిదండ్రులను కూడా వదలకండి. వాళ్ళ కళ్ళకు ఈ దేశం వేరేగా కనపడుతుంది.

నాకిచ్చిన గంటలో ఇరవై నిమిషాలు మిగిల్చాను. ఇది నిర్వాహకులతో ముందే అనుకున్నదే. ఈ ఊరికి 1970ల్లో వచ్చిన కుటుంబాలవారు కుడివైపు వరుసల్లో ఉన్నారు, మైకు అటు వస్తుంది. ముందు పేరు, వచ్చిన సంవత్సరం, దిగిన వీధి చెప్పండి. ఫోటోలు తెచ్చినవారు వెనక బల్ల దగ్గరికి వెళ్ళండి. స్కానరు ఉంది, పెన్సిళ్ళు కూడా ఉన్నాయి.