మోటారుబండ్ల పుట్టుపూర్వోత్తరములు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ సభలో ఏదేని యొక విషయమునుగూర్చి మాట్లాడుమని కార్యదర్శిగారు నన్ను కోరినపుడు, నేను భారతమునుండియో భాగవతమునుండియో ఒక ఘట్టము నెత్తుకొందునని మీరందఱును తలచియుందురు. పగలు సహకార సంఘములో పద్దులు వ్రాయుటయు, సాయంకాలము ఈ గ్రంథాలయమున కూర్చుండి పాతపుస్తకములు చదువుకొనుటయు నా దినచర్య. గురుముఖమున చదువుకొన్నవాడను కాను. నాకు తెలిసిన నాలుగు ముక్కలును ఈ బీరువాలు పెట్టిన భిక్షయే. అట్టి నేను మోటారు కార్లను, మోటారు సైకిళ్లను గూర్చి చెప్పబూనుట మీకు వింతగా తోచవచ్చును. దీనికొక కారణము కలదు. దానిని ప్రసంగాంతమున మనవి చేసికొందును.

గుఱ్ఱముగాని యెద్దుగాని లేకుండ తనంత తాను నడచు బండి కావలెనను కోరిక మానవునకు చాలకాలమునుండి కలదు. పుష్పకమును తలచుకొన్నచో ఆ కోరిక యెంత పాతదో తెలియును. ఆవిరియంత్రములు వచ్చిన పిమ్మట రైళ్లు నడచినవి. కాని ఆవిరికి బాయిలరు కావలెను, బొగ్గు కావలెను, నీరు కావలెను. ఒక చిన్న కుటుంబము కూర్చుండి పోదగిన బండికి అంత బరువు తగదు. ఇంధనమును యంత్రము లోపలనే మండించి, ఆ పేలుడు బలముతో పిస్టనును త్రోయు ఉపాయము దొరకినపుడే యీ చిక్కు విడిపోయెను. 1876లో జర్మనీ దేశమున నికొలాస్ ఆటో అను నాతడు నాలుగు దశలలో పనిచేయు యంత్రమును నిర్మించెను. గాలిని, ఇంధనమును లోనికి పీల్చుకొనుట, వానిని అదిమిపట్టుట, మండించుట, పొగను వెలికి నెట్టుట అనునవి ఆ నాలుగు దశలు. నేటికిని పెట్రోలు బండ్లలో అధికభాగము నడచునది యీ సూత్రము మీదనే.

ఈ యంత్రమును చిన్నదిగా చేసి చక్రములమీది కెక్కించినవారు ఇరువురు. గాట్లీబ్ డైమ్లరు తన సహచరుడగు విల్‌హెల్మ్ మైబాక్‌తో కలిసి 1885లో ఒక కఱ్ఱచట్రమునకు యంత్రమును బిగించెను. దాని బలము అర గుఱ్ఱపు శక్తి. రెండు పెద్ద చక్రములకు తోడు, పడిపోకుండ ప్రక్కల రెండు చిన్న చక్రము లుండెను. మోటారు సైకిళ్ల వంశమునకు మూలపురుషుడు అదియే. కార్ల్ బెంజ్ అను నాతడు మూడుచక్రముల బండిని నిర్మించి, 1886 జనవరి 29వ తేదీన దానికి పేటెంటు కోరుచు దరఖాస్తు పెట్టుకొనెను. ఆ తేదీనే లోకము మోటారు కారునకు జన్మదినముగా ఎంచుచున్నది.

బండి పుట్టినది గాని, కొనువారు లేరు. త్రోవలో నిలిచిపోవునేమోయని జనుల భయము. ఆ భయమును పోగొట్టినది బెంజ్ గారి భార్య బెర్తా. పెండ్లికి ముందే తన కట్నపు సొమ్మును అతని వ్యాపారమున పెట్టిన ధీరురాలు ఆమె. 1888 ఆగస్టులో ఒకనాడు భర్తకు చెప్పకుండ, ఇరువురు కుమారులను వెంటబెట్టుకొని, మాన్‌హైమ్ నగరమునుండి ఫోర్జ్‌హైమ్‌లోని తన పుట్టింటికి బండిలో బయలుదేరెను. దూరము 100 కిలోమీటర్లకు పైమాట. అంత దూరము మోటారు కారులో అంతకుముందు ఎవ్వరును పోయియుండలేదు.

ఆ త్రోవలో జరిగినదంతయు వినదగినది. పెట్రోలు బంకులు లేని కాలమది. వీస్‌లోహ్ అను ఊరిలో మందుల దుకాణమున, గుడ్డలమీది మరకలు పోగొట్టుట కమ్ము లిగ్రోయిన్ అను తైలమును కొని బండికి పోసిరి. ఇంధనపు గొట్టము పూడుకొనిపోగా ఆమె తన టోపీకి గుచ్చుకొను పొడుగుసూదితో పొడిచి బాగుచేసెను. తీగమీది తొడుగు అఱిగిపోగా తన మేజోటిపట్టీని చుట్టెను. బ్రేకు దిమ్మెలు అఱిగిపోగా చెప్పులు కుట్టువానిచేత తోలు వేయించెను. బండి యెక్కలేని మెట్టలవద్ద పిల్లలు దిగి త్రోసిరి. ప్రొద్దుగ్రుంకునప్పటికి ఊరు చేరి భర్తకు తంతి పంపెను. ఆమె తిరిగివచ్చి చెప్పిన మాటలనుబట్టి బెంజ్, మెట్ట లెక్కుటకై బండికి మఱియొక గేరు చేర్చెను.

సోదరులారా! ఈ కథను ఇంతగా చెప్పుటకు హేతువు కలదు. బండిని కనిపెట్టినవాడు బెంజ్. కాని బండి నడచునని లోకమునకు చూపినది, చెడినచోటనే బాగుచేసికొనగల ఆ యిల్లాలు. తొలి డ్రైవరును ఆమెయే, తొలి మెకానిక్కును ఆమెయే. యంత్రమునకు పుట్టుక నిచ్చువా డొకడు, ఆయువు నిచ్చువాడు మఱియొకడు. ఈ రెండవవానికి చరిత్రలో పేరుండదు.

అమెరికాలో హెన్రీ ఫోర్డు 1908లో టీ మోడలు అను కారును దించెను. అది మొదట 850 డాలర్లకు అమ్ముడుపోయెను. 1913లో ఆయన కార్మికులను నిలిచినచోటనే నిలిపి, బండినే వారియొద్దకు కదలించు పద్ధతి పెట్టెను. ఒక చట్రమును కూర్చుటకు 12 గంటలకు పైగా పట్టునది గంటన్నరకు తగ్గెను. 1925 నాటికి కారు వెల 300 డాలర్లకు లోపే. 1927లో ఆ మోడలును ఆపునాటికి 1 కోటి 50 లక్షల బండ్లు వెలువడెను. ఇందులో వెలకన్న గొప్పసంగతి యొకటి కలదు. ఆ బండి రైతు చేతికి లొంగునట్లు సులువుగా చేయబడినది. పల్లెటూళ్లలో దాని వెనుకచక్రమును పైకెత్తి నిలిపి, పట్టా తగిలించి, కఱ్ఱలు కోసిరి, ధాన్యము ఆడించిరి, నీరు తోడిరి.

రాజులు కొన్న బండ్ల కథ వేఱు. హైదరాబాదు చౌమహల్లా ప్రాసాదమునకు పోయినవారు అందున్న పసుపుపచ్చ రోల్స్ రాయిస్ కారును చూచియుందురు. అది 1912 నాటి సిల్వర్ ఘోస్ట్. నిజాము ప్రభువులు ఊరేగింపులలో కూర్చుండుటకై సింహాసనమువంటి పీఠముతో చేయించినది. నడచిన దూరము మిక్కిలి స్వల్పము. అది శతాబ్దము దాటి నిలిచియున్నదన్న, ప్రాసాదపు నీడలో భద్రముగా నుండుటచేతనే. మన వీధులలోని బండ్లకు అట్టి నీడ యెక్కడిది? ఎండలో, వానలో, బురదలో బ్రదుకవలసిన బండ్లవి. అట్టివానిలో ఒకదాని సంగతి యిప్పుడు చెప్పెదను.

ఇంగ్లండులో రెడ్డిచ్ అను ఊరున్నది. అచ్చట రాయల్ ఎన్‌ఫీల్డు కంపెనీవారు 1901లో తమ తొలి మోటారు సైకిలును చేసిరి. 1932లో 'బుల్లెట్' అను పేరు పెట్టిరి. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట మన సైన్యమువారు సరిహద్దుల పహరాకై 350 సీ.సీ. బుల్లెట్లను తెప్పించుకొనిరి. 1955లో చెన్నపట్టణమున ఎన్‌ఫీల్డు ఇండియా కంపెనీ ఏర్పడి, తిరువొత్తియూరులో ఆ బండ్లనే చేయసాగెను. 1967లో రెడ్డిచ్ కర్మాగారము మూతపడెను. మఱి కొలది కాలమునకే ఆ ఆంగ్ల కంపెనీయు లేకుండ పోయెను. పుట్టింట దీపము ఆరిపోయినను మెట్టినింట వెలుగుచునే యుండెను. 1977లో మనదేశమునుండి ఆ బండ్లు ఇంగ్లండునకే యెగుమతి కాసాగెను. కూతురు పుట్టింటికి పోయి తలుపు తెఱచినట్లయినది.

అంబాసిడరు కారు కథయు నిట్టిదే. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అను కారు నమూనాను తెచ్చి, హిందుస్థాన్ మోటార్సువారు కలకత్తా చేరువనున్న ఉత్తరపారాలో 1950ల చివరినుండి 2014 వఱకు చేసిరి. మంత్రి మొదలు పెండ్లికొడుకు వఱకు అందఱును అందులో కూర్చుండినవారే. ఇటలీ వారి ఫియట్ కారు మనదేశమున ప్రీమియర్ పద్మిని యైనది. బొంబాయి వీధులలో అర్ధశతాబ్దమునకు పైగా తిరిగిన ఆ టాక్సీలలో కడపటివి 2023 అక్టోబరులో సెలవు తీసికొనెను.

ఈ బండ్లు ఇంతకాల మెట్లు బ్రదికినవి? కంపెనీలవలన మాత్రమే కాదు. మఱ్ఱిచెట్టు క్రింద, బస్సు స్టాండు ప్రక్కన, రేకుల షెడ్డులో, నూనె చేతులతో కూర్చుండిన మేస్త్రీలవలన బ్రదికినవి. పాత బుల్లెట్టును నడపి యెఱుగుదురు గదా! దానికి గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. స్టార్టు చేయుట యొక విద్య. తాళము త్రిప్పి, చిన్న మీటను నొక్కి పట్టి, అమ్మీటరు ముల్లు నడుమకు వచ్చువఱకు కిక్కును మెల్లగా త్రొక్కి, మీటను వదలి, అపుడు బలముగా తన్నవలెను. తొందరపడినవాని కాలిని అది తిరిగి తన్నును. ఈ విద్య యే బడిలోను చెప్పరు. ఒకని చేతినుండి మఱియొకని చేతికి వచ్చినదే.

ఇక నా కారణము చెప్పుకొందును. మా తండ్రిగారికొక బుల్లెట్టు ఉండెడిది. పశువుల ఆసుపత్రి పనిమీద చుట్టుప్రక్కల పదునాలుగు గ్రామములు దానిమీదనే తిరిగిరి. నేను బాల్యమున పెట్రోలు ట్యాంకుమీద కూర్చుండి లోకమును చూచితిని. ఆ చప్పుడు చెఱువు కట్టమీద వినబడగనే మా తల్లిగారు పొయ్యిమీద ఎసరు పెట్టెడివారు. తండ్రిగారు గతించిన పిమ్మట ఆ బండి పసులకొట్టములో రెండేండ్లు పడియుండెను. ఇల్లు బాగుచేయు సమయమున, అడ్డముగా నున్నదని, పాతసామానులు కొనువానికి తూకమునకు వేసితిని. మా యింటి పద్దుపుస్తకమున నా చేతితోనే యిట్లు వ్రాసికొంటిని: పాత ఇనుము, 150 కిలోలు, కిలో ఒకటికి 12 రూపాయల వంతున, జమ 1,800 రూపాయలు. గుణకారమున తప్పు లేదు. కాని నా యీ వృత్తిలో అంత తప్పుపద్దు నేను మఱియొకటి వ్రాయలేదు.

మఱునాడు మన మేస్త్రీగారు ఎదురుపడి, "పంతులుగారూ, ఒక్కమాట నాతో చెప్పి ఉంటే బాగుండేది గదండీ. ఆ ఇంజను నేను నాలుగుసార్లు విప్పి బిగించినది. ఇంకో పాతికేళ్లు తిరిగేది" అనెను. అంతకు మించి యొక్కమాట అనలేదు. అప్పటినుండి ఆయన షెడ్డుముందు పోవునపుడెల్ల నేను తల వంచుకొని పోయెడివాడను.

2021 జూలైలో కేంద్రప్రభుత్వమువారు నియమములు సవరించి, తొలి రిజిస్ట్రేషను నాటినుండి 50 ఏండ్లు దాటియు అసలు రూపము చెడని కార్లకును, మోటారు సైకిళ్లకును 'వింటేజి' అను ప్రత్యేక తరగతి నేర్పఱచిరి. వానికి 'వీ.ఏ.' అను అక్షరములుగల సంఖ్య యిత్తురు. క్రొత్తగా నమోదునకు రుసుము 20,000 రూపాయలు, గడువు 10 సంవత్సరములు. ప్రదర్శనలకు, పరిశోధనకు, ర్యాలీలకు, పెట్రోలునకు, మరమ్మతునకు ఆ బండిని రోడ్డుమీదికి తీయవచ్చును గాని నిత్యప్రయాణమునకు గాని వ్యాపారమునకు గాని పనికిరాదు. ఢిల్లీలో 1964లో మొదలైన స్టేట్స్‌మన్ పత్రికవారి పాతకార్ల ర్యాలీవంటివానికి ఇది మేలే. కాని చట్టము బండిని కాపాడగలదు, బండి విప్పు చేతిని కాపాడలేదు. నేటి బండ్లకు తెగులు చెప్పునది కంప్యూటరు. కుఱ్ఱవాండ్రు ఆ పనియే నేర్చుకొనుచున్నారు. అది తప్పు కాదు, వారి జీవనము వారు చూచుకొనవలెను గదా. కాని మన మేస్త్రీగారికి డెబ్బది దాటినది. చెయ్యి వణకుచున్నది. శిష్యుడు లేడు.

నలోపాఖ్యానమున ఒక ఘట్టము కలదు. ఋతుపర్ణ మహారాజు రథముపై పోవుచు, త్రోవలోని తాండ్రచెట్టు ఆకులను, కాయలను చూపుతోనే లెక్కకట్టి చెప్పెను. సారథియైన నలుడు రథ మాపి లెక్కించి చూడగా సరిపోయెను. లెక్క తెలిసినవాడు తన విద్యను గుఱ్ఱము తెలిసినవాని కిచ్చెను. గుఱ్ఱము తెలిసినవాడు తన విద్యను లెక్క తెలిసినవాని కిచ్చెను. నేను ఆ కథను ఎన్నోమారులు చదివితిని గాని, దాని యర్థము నాకు గత సంవత్సరము తెలిసినది. తల వంచుకొని పోవుట మాని, ఒక సాయంకాలము నేను నోటుపుస్తకముతో షెడ్డులోనికి పోయితిని. "మీరు చెప్పండి, నేను వ్రాసికొందును" అంటిని. ఆయన మొదట నవ్వెను. పిదప స్టూలు జరపి కూర్చుండమనెను.

టాపెట్ల సందు ఎంత యుండవలెను, పాయింట్లు ఎట్లు రుద్దవలెను, చప్పుడునుబట్టి యే బేరింగు పోయినదో యెట్లు పోల్చవలెను, ఇవన్నియు ఆయన చెప్పగా వ్రాసిన రెండు పుస్తకములు పూర్తియైనవి. మూడవది నడచుచున్నది. పూర్తియైన రెంటిని నేడు ఈ గ్రంథాలయమునకు సమర్పించుచున్నాను. వీనిపై కర్తపేరు నాది కాదు, మేస్త్రీగారిది. దయచేసి రిజిస్టరులో అట్లే వ్రాసికొనవలెనని గ్రంథపాలకుని కోరుచున్నాను.

మన ఊరిలో నేడును నాలుగు పాత బుల్లెట్లు, ఒక అంబాసిడరు ఉన్నవి. వానిని తూకమునకు వేయుటకు ముందు ఒక్కమాఱు షెడ్డువద్దకు పోయి అడుగుడు. ఇండ్లలో పాత ఆర్.సీ. పుస్తకములు, కంపెనీవారి సూచన పుస్తకములు ఉన్నచో ఇచ్చటికి తెచ్చియిండు. సాయంకాలపు వేళ నేర్చుకొన గోరు పిల్లవా డొక్కడు దొరకినను, ఆ షెడ్డులో స్టూలు సిద్ధముగా నున్నది.